వినెగర్ హిల్ మీద రెండో ప్రాధాన్యం

జూన్ చివరి శనివారం ఎన్నిస్కోర్తీ వెళ్ళొచ్చాను. డబ్లిన్‌కి దక్షిణంగా, వెక్స్‌ఫర్డ్ కౌంటీలో, స్లేనీ నది ఒడ్డు నుంచి నిటారుగా పైకి పాకిన ఊరు. అక్కడ చూడ్డానికి ఏముందని అడిగితే ఒక గుట్ట ఉందని చెప్పాలి, అంతే. దాని పేరు వినెగర్ హిల్. ఆ పేరు మొదటిసారి గుంటూరులో ఎం.ఏ. చదివేటప్పుడు ఒక అధోజ్ఞాపికలో చూశాను. ఐర్లండ్ వచ్చి ఇన్నేళ్ళయినా చూడ్డానికి వెళ్ళలేదు. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటొద్దని కట్టడి చేసిన చలికాలంలో మాత్రం రోజూ గుర్తొచ్చేది. వెళ్ళకూడదన్నాకే కదా మనకి వెళ్ళాలనిపించేది.

పైకి చెప్పుకున్న కారణం చదువు. లాక్‌డౌన్‌లో ఆఫీసు వంటింటి బల్ల మీదికి వచ్చేశాక లెపర్డ్స్‌టౌన్ దాకా పోయిరావడం తప్పింది. మిగిలిన ఆ సమయంలో ఆన్‌లైన్‌లో చరిత్ర కోర్సు ఒకటి మొదలుపెట్టాను. ఆఖరి వ్యాసానికి ఎంచుకున్నది నా పాత ప్రేమే. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో అక్కడి రాష్ట్ర శాసనసభల ఎన్నికలు, పార్టీ ముఠాలు. ఫ్యాక్షన్ అనగానే మనకు సుమోలూ నాటుబాంబులూ గుర్తొస్తాయి. వాళ్ళవి ఎక్కువగా పత్రికలూ తిట్లూ, అప్పుడప్పుడూ పిడిగుద్దులూ.

చెప్పుకోని కారణం నా బ్యాగులో ఉంది. ఐరిష్ పౌరసత్వానికి పెట్టుకున్న అర్జీ ఆమోదమై వచ్చింది. మామూలు రోజుల్లోనైతే వేలమందితో ఒక పెద్ద హాల్లో, బ్యాండు మేళంతో ప్రమాణం చేయిస్తారు. కోవిడ్‌తో అదంతా ఆగిపోయింది. దాని బదులు ఒక ప్రకటన మీద, అధికారం ఉన్న సాక్షి ఎదుట సంతకం పెట్టి పోస్టులో పంపమన్నారు. గడువు వచ్చే శుక్రవారం. మూడు వారాలుగా ఆ కాగితం నా వెంట తిరుగుతోంది. సంతకం పెడితే ఇండియా పాస్‌పోర్టు పోతుంది, దాంతో నా ఓటూ పోతుంది. ఎన్నికల గురించి ఇంత చదివినదాన్ని, ఓటు దగ్గరే ఆగిపోయాను.

మా ఇల్లు బ్రేలో. అక్కడ తొమ్మిదిన్నర దాటాక వెక్స్‌ఫర్డ్ రైలెక్కితే మధ్యాహ్నం కాకముందే ఎన్నిస్కోర్తీలో దింపుతుంది. రైళ్ళలో ఇంకా సగం సీట్లే ఇస్తున్నారు కాబట్టి ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. రానూపోనూ కలిపి నాకు ఇరవై యూరోల చిల్లర అయింది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. బ్రే దాటగానే రైలు కొండ అంచు పట్టుకుని సముద్రం మీదికి వాలినట్టు వెళ్తుంది. మాస్కు లోపల నోరు తెరుచుకుని చూశాను. ఇంటి పక్కనే ఉన్న సముద్రం, ఏడాదిన్నర తర్వాత కదిలే కిటికీలోంచి చూస్తే కొత్తగా కనిపించింది.

విక్లో దాటాక దారి లోపలికి తిరిగింది. వ్యాసం కాగితాలు తీశాను. నన్ను అప్పుడూ ఇప్పుడూ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ళని చాలా రాష్ట్రాల్లో శాసనసభలే నియమించేవి. అంటే మన వీధివాడిని సభకి పంపడానికి వేసిన ఓటు, మలుపులు తిరిగి దేశాధినేత దాకా పోయేది. 1800లో న్యూయార్క్ శాసనసభ ఎన్నికల్లో ఆ నగరంలో కొన్ని వందల ఓట్లు అటు పడి ఉంటే అధ్యక్షుడు వేరొకరు అయ్యేవాడేమో. అంతకు ముందు ఎన్నికల్లో పెన్సిల్వేనియాలో ఒక్కో ఓటరూ పదిహేను పేర్లు చేత్తో రాసిన చీటీ వెయ్యాలి. అందుకని పార్టీ మనుషులు కూర్చుని వేల చీటీలు రాసి ఊరూరా పంచారు. తమాషా ఏమిటంటే, పార్టీ అనేదే దేశానికి పట్టిన రోగమని వాళ్ళందరూ నమ్మేవారు. మేం ప్రజలం, ఎదుటివాళ్ళు ముఠా. ఇటూ అదే మాట, అటూ అదే మాట.

ఎన్నిస్కోర్తీ స్టేషను బయట రూత్ అక్క కారు ఆనుకుని నిలబడి ఉంది. మాది నర్సాపురం అని ఎవరడక్కపోయినా చెప్పే మనిషి. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో లూకన్‌లో ఒకే ఇంట్లో అద్దెకున్నాం. ఇప్పుడు ఇక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు. పోయినేడు ఆ కేంద్రంలో ఏం చూసిందో నాకు ఫోనులో కొంచెమే చెప్పింది. మిగతాది నేను అడగలేదు. ఒకరినొకరం కౌగిలించుకోబోయి ఆగి మోచేతులు తగిలించుకున్నాం.

"ఏవమ్మా, చిక్కిపోయావేంటి? సంతకం పెట్టేశావా?"

"ఇంకా లేదక్కా."

"అదీ సంగతి. పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు మూడు వారాలు!"

స్టేషను నుంచి గుట్టకి నడిస్తే అరగంట. కారు పైదాకా పోతుంది, పార్కింగుకి డబ్బేమీ లేదు. దారిలో చెక్కబడ్డీ దగ్గర ఆగి స్ట్రాబెర్రీలు కొన్నాం. ఈ కౌంటీలో ఎండాకాలం రోడ్డు పక్కన ఇవే. డబ్బా ఐదు యూరోలు, సగం కార్లోనే అయిపోయాయి.

గుట్ట అంటే నిజంగా గుట్టే. కోటప్పకొండ ఎక్కినవాళ్ళకి ఇది మెట్టు కింద లెక్క. పైన విరిగిన గాలిమర తాలూకు రాతి మొండెం ఒకటి, చుట్టూ గడ్డి, పచ్చని ముళ్ళపొదలు. కానీ నిలబడి చుట్టూ చూస్తే మాట రాదు. కింద నది మెలిక, నది మీదికి ఒరిగిన ఊరు, చర్చి శిఖరం, దూరంగా నీలం కొండలు, మధ్యలో ఎన్ని పచ్చలున్నాయో అన్నీ. 1798లో ఇలాంటి జూన్‌లోనే, ఇంగ్లీషువాళ్ళ పాలన మీద తిరగబడి ఇక్కడ వేలమంది గుమిగూడారు. రైతులు, వడ్రంగులు, పిల్లలతో ఆడవాళ్ళు. చేతుల్లో ఎక్కువగా బరిసెలు. చుట్టూ ఇంగ్లీషు రాజు సైన్యం, ఫిరంగులు. ఒక్క పూటలో అయిపోయింది. నేను నిలబడ్డ చోట గడ్డి ఎంత మెత్తగా ఉందంటే, అడుగు వెయ్యడానికి సంకోచించాను.

అక్క మాత్రం గోడ చాటున దుప్పటి పరిచి డబ్బాలు విప్పింది. అన్నం, మాకెరెల్ చేపల పులుసు. వినెగర్ హిల్ మీద చింతపండు వాసన.

"ఇప్పుడు చెప్పు, నీ అమెరికా గొడవకీ ఈ కొండకీ ఏంటి సంబంధం?" అంది ముల్లు తీస్తూ.

చెప్పాను. ఆ తిరుగుబాటు ఓడిపోయాక బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు, ప్రభుత్వం వెళ్ళగొట్టినవాళ్ళు కొందరు, ఓడలెక్కి ఫిలడెల్ఫియాలో, న్యూయార్క్‌లో దిగారు. అప్పుడు అధికారంలో ఉన్న ఫెడరలిస్టులకి వీళ్ళంటే హడలు. వీళ్ళొచ్చి ఎదుటి పార్టీకి ఓట్లేస్తారని. అందుకని పౌరసత్వానికి ఐదేళ్ళు ఉంటే చాలన్న చట్టాన్ని మార్చి పద్నాలుగేళ్ళు చేశారు.

"పద్నాలుగా! వనవాసమా?"

"ఇంకా వినక్కా. ఆ చట్టం వచ్చింది ఈ కొండ మీద యుద్ధం జరిగిన వారంలోనే. వీళ్ళింకా ఓడిపోలేదు. ఓడ ఎక్కాలన్న ఆలోచనే లేదు. సముద్రానికి అవతల తలుపు గడియ వేసేశారు."

అక్క చెయ్యి డబ్బాలోనే ఆగింది. గాలి గట్టిగా వీస్తోంది. ఆ తేదీలు రెండూ నాకు ఎప్పట్నుంచో తెలుసు, పక్కపక్కనే రాసుకున్నాను కూడా. కానీ ఇక్కడ కూర్చుని నోటితో చెప్పడం ఇదే మొదటిసారి.

"మరి ఏం చేశారు?"

"పార్టీ కట్టారు. పత్రికలు పెట్టారు. రాష్ట్ర ఎన్నికల్లో తిరిగారు. ఓటున్న పాతవాళ్ళతో వేయించారు. నాలుగేళ్ళు తిరక్కుండా గద్దె మీదివాళ్ళు దిగిపోయారు, పద్నాలుగు మళ్ళీ ఐదయింది."

నిజం చెప్పాలంటే ఇంత చక్కగా లేదు ఆ కథ. ఈ గుట్ట మీద నిలబడ్డవాళ్ళలో అక్కడిదాకా చేరినవాళ్ళు ఎందరో నాకు తెలీదు, ఎక్కువమంది ఇక్కడే నేలలో ఉన్నారు. పైగా వాళ్ళని చేరదీసిన ఆ ఎదుటి పార్టీయే, ఇప్పటి రిపబ్లికన్లు కాదు, అప్పటి రిపబ్లికన్లు, దక్షిణాది బానిసల యజమానుల పార్టీ కూడా. స్వేచ్ఛ కోసం బరిసె పట్టినవాళ్ళు ఎవరి పక్కన నిలబడ్డారో చూస్తే గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది. ఏ పక్షంలో చేరినా ఎంతో కొంత చేతికి అంటుతుంది. నేను ఏ పక్షమూ కాకుండా దూరంగా కూర్చుని చదువుకోవడానికి బహుశా ఇదే కారణమేమో. ఈ మాట అక్కతో అన్నాను.

"దూరంగా కూర్చున్నదానివి మొన్న ఓటెందుకేశావు?" అంది.

మొన్న అంటే 2019 కౌన్సిల్ ఎన్నికలు. ఇక్కడ ఊరి కౌన్సిల్‌కి పౌరులు కానివాళ్ళు కూడా, నివాసం ఉంటే చాలు, ఓటెయ్యొచ్చు. బ్రేలో ఒక బడిలో పోలింగు. చీటీ తీసుకుని, అలవాటు కొద్దీ ఎడమచెయ్యి చూపుడువేలు ముందుకు చాపాను, సిరా చుక్క పెడతారని. అక్కడి ఆవిడ కంగారుగా లేచి, "దెబ్బ తగిలిందా అమ్మా? ప్లాస్టర్ ఇవ్వనా?" అంది. అది చాలదన్నట్టు, లోపలికెళ్ళి ఒక్కరికే అంకె వేసి వచ్చేశాను. ఇక్కడి పద్ధతిలో ఇష్టం వచ్చిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని అందరికీ వెయ్యొచ్చు. మొదటివాడు ఓడిపోతే మన ఓటు రెండోవాడికి బదిలీ అవుతుంది.

"నువ్వొక్కదానివే కాదులే," అంది అక్క. "ఇక్కడ మన డాక్టరుగారు ఇండిపెండెంటుగా నిలబడ్డారా? మనోళ్ళంతా ఆయనకి ఒకటేసి ఊరుకున్నారు. రెండోది నేను ప్రచారం చేసినావిడకి వెయ్యండర్రా, నర్సుల అద్దెల గురించి కొట్లాడే మనిషి అని ఇంటింటికీ తిరిగాను. వింటేగా! రెండు వేస్తే డాక్టరుగారికి ద్రోహం చేసినట్టంట! ఆయన ఓడిపోయాడు. ఆ ఓట్లన్నీ ఎటూ పోలేక అక్కడే చచ్చాయి. ఆవిడా ఓడిపోయింది."

"నాదీ అదే బాధ అక్కా. ఇండియా ఒక్క అంకే వెయ్యమంటుంది. రెండోది ఒప్పుకోదు."

"ఓసీఐ కార్డు ఇస్తుందిగా. వెళ్ళొచ్చు, ఉండొచ్చు, ఓటొక్కటే లేదు. అది రెండో ప్రాధాన్యం కాక మరేంటి?" అక్క డబ్బా మూత బిగించింది. మాట కొంచెం తగ్గించి అంది. "పోయినేడు మా కేంద్రంలో ముసలాళ్ళు అద్దం వెనకాల పోయారు. పిల్లల్ని రానివ్వలా. చెయ్యి పట్టుకున్నది నేనూ, ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలూ. ఆ కేంద్రాలు ఎలా నడవాలో రాసేది డబ్లిన్ పార్లమెంటు. పౌరసత్వం తీసుకున్నాను గనక నాకక్కడ ఓటుంది. ఆ ఇద్దరికీ లేదు. నీకూ లేదు. నేనొక్కదాన్నే అరిస్తే ఎంత వినపడుద్ది చెప్పు?"

గాలిమర మొండెం దాకా నడిచి, తిరిగొచ్చాను. కింద ఊళ్ళో ఎవరిదో కుక్క మొరుగుతోంది, అంత పైకి వినిపిస్తోంది.

"సాక్షి సంతకానికి ఈ ఊళ్ళో ఎవరున్నారు?" అని అడిగాను.

ఇక్కడి చిన్న ఊళ్ళలో పీస్ కమిషనర్లని ఉంటారు. జీతం లేని గౌరవ పదవి, ఇలాంటి ప్రకటనలకి సాక్షి సంతకం పెట్టే అధికారం ఉంటుంది. అక్కకి తెలిసిన బ్రెండన్ అనే ఆయన ఇనుప సామాన్ల కొట్టు నడుపుతాడు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి, మాస్కు మీద కళ్ళద్దాలు, కళ్ళద్దాల మీద ఆవిరి. గల్లా ముందు ప్లాస్టిక్ తెర. నా పాస్‌పోర్టు చూసి, కాగితం చూసి, "గ్రాండ్," అన్నాడు, అంటే ఇక్కడ సరేనని. "మాస్కు ఒక్క క్షణం తియ్యండి, మొహం చూడాలి." తర్వాత పెన్ను ఇవ్వబోయి ఆగాడు.

"బ్యాండు మేళం లేకపోయినా, పైకి చదవండి. నోటితో అంటే బావుంటుంది."

పెయింటు డబ్బాలకీ గడ్డి కోసే యంత్రాలకీ మధ్య నిలబడి చదివాను. ఈ జాతికి విధేయంగా, ఈ రాజ్యానికి నమ్మకంగా ఉంటానని. గుమ్మం బయట దూరం పాటిస్తూ ఒకాయన తోటలో ఆకులు లాగే పళ్ళకర్ర పట్టుకుని తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. నేను చదవడం మొదలుపెట్టగానే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సంతకం పెట్టాను. బ్రెండన్ తన సంతకం పెట్టాడు. ఎంతివ్వాలంటే చెయ్యి ఊపాడు.

"ఎవరికి వేస్తారన్నది మీ ఇష్టం," అన్నాడు కాగితం మడిచి ఇస్తూ. "కిందిదాకా మాత్రం వెయ్యండి. సగంలో ఆపొద్దు."

వెనకాల రూత్ అక్క కిసుక్కున నవ్వింది. తను చెప్పమనలేదంటే చెప్పమనలేదని ఒట్టేసింది.

సాయంత్రం రైల్లో సముద్రం కుడివైపుకి వచ్చింది. ఎడమచేతి చూపుడువేలు చూసుకున్నాను, ఏ మరకా లేదు. గుంటూరులో వేసిన ఓట్ల సిరా గోరుతో పాటు పెరిగి ఎప్పుడో పోయింది. బాధగానే ఉంది, దాచుకోను. చేసింది సరైనదేనా అని రేపు మళ్ళీ అనుమానం వస్తుంది, నా సంగతి నాకు తెలుసు. కానీ ఆ తిరుగుబాటులో అంతా పోగొట్టుకున్న మనుషులు, మూసిన తలుపు ముందు దిగి, తెలియని ఊళ్ళో ఒక వీధి సభ్యుడి ఎన్నికలో పని మొదలుపెట్టారన్నది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నమ్మశక్యం కాదు. వాళ్ళూ సరైన పక్షం దొరికేదాకా ఆగి ఉంటే, పద్నాలుగు పద్నాలుగుగానే ఉండిపోయేది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. గుట్ట మీద గాలి విపరీతం, కాగితాలేమన్నా ఉంటే బ్యాగులోనే ఉంచండి. ఎక్కడైనా సంతకం పెట్టాల్సిన పని ఉంటే ముందు గుట్ట ఎక్కి, తర్వాత కొట్టుకి వెళ్ళండి. శనివారం కొట్లు పెందలాడే మూసేస్తారు, అక్కడ మాత్రం ఎక్కువసేపు ఆలోచించకండి.