సరోజ ఎవరో నాకూ తెలీదు

పోయిన ఆదివారం నేను బస్సులో ఉత్తుత్తిగా ఏడ్చినా. దాంతో మా ఊర్లో రెండు కొంపల్లో నిజంగా గొడవైంది. ఎట్లంటారా? వినండి.

నేను నాగలమడిక హైస్కూల్లో సైన్స్ మిస్‌ని కదా. పిల్లల బాధలు వినడం నేర్చుకోండని టీచర్లకి పావగడలో కౌన్సెలింగ్ ట్రైనింగ్ పెట్టినారు, ప్రతి ఆదివారం. పొద్దున థియరీ, మధ్యాహ్నం రోల్ ప్లే. ఒకరు క్లయింట్, ఒకరు కౌన్సెలర్. క్లయింట్ తన బాధ చెప్పల్ల. కౌన్సెలర్ సలహా ఇయ్యకూడదు. వాళ్ళు చెప్పిందాన్నే మెత్తగా తిరిగి చెప్పల్ల, అంతే!

నా జత కన్నడ టీచర్ నాగమణి. ఆ దినం మా వంతు రాకముందే టైమైపోయింది. "వచ్చే వారం ఫస్ట్ మీరే. ప్రాక్టీస్ చేసుకోనొచ్చేయండి" అన్నాడు ట్రైనింగ్ సారు. ఇంటికి పోతే యాడ కుదురుతుంది? బస్సులోనే చేద్దామనుకున్నాం.

నేను క్లయింట్. పేరు సరోజ అని పెట్టుకున్నా. కథ ఏం చెప్పల్లబ్బా అని కిటికీలోంచి చూస్తే, కనుచూపు మేరా సోలార్ ప్యానెళ్ళు. మొదలుపెట్టినా.

"మా భూమి సోలార్‌కి ఇచ్చేసినాం మేడం. అప్పట్నుంచీ మా ఆయనకి పని లేదు. పొద్దస్తమానం ఇంట్లోనే! పప్పులో ఉప్పు ఎప్పుడెయ్యల్లో కూడా ఆయనే చెప్తాడు. నాకు ఊపిరాడడం లేదు!"

"మీకు ఊపిరాడడం లేదు..." అనింది నాగమణి. ఎంత మెత్తగా అనిందంటే, నాకు ఏడుపొచ్చేసింది! కొంగు అడ్డం పెట్టుకోని వెక్కి వెక్కి ఏడ్చినా. నాకు యాక్టింగ్ ఇంత బాగా వస్తుందని నాకే తెలీదు.

మేమూ భూమి సోలార్‌కే ఇచ్చినాం. మా ఆయనా ఇంట్లోనే ఉంటాడు. ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. నిజంగా!

ఇంకోటి కూడా చూసుకోలేదు. వెనక సీట్లో మా ఆయన మేనత్త, సాకమ్మత్త ఉండాది.

నేను దిగి కూరగాయలు కొనుక్కోని పోయేసరికి ఆమె ముందే మా ఇల్లు చేరింది. మా ఆయన కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నా సంగతి బస్సంతా చాటినావంట?"

"అది రోల్ ప్లే అండీ."

"అంటే ఏంది?"

"నాటకం."

"నాటకానికి అన్ని కండ్ల నీళ్ళా పాపా?" అనింది సాకమ్మత్త. "నేను కండ్లారా చూసినా. ముక్కు కూడా చీదినావు."

"ఊర్లో నా పరువు తీసినావు!" అన్నాడు మా ఆయన.

నాకు థియరీ గుర్తొచ్చింది. "మీ పరువు పోయిందని మీకు అనిపిస్తాంది..." అన్నా, మెత్తగా.

"అనిపించేదేంది? పోయింది!"

"పోయింది అంటాండారు..."

"చూడత్తా, ఎగతాళి చేస్తాంది!"

ఇంక నాకు దిక్కు తోచలేదు. "అది మన కథ కాదు, సరోజ కథ!" అని అరిచినా.

సాకమ్మత్త లేచి నిలబడింది. "యా సరోజ? పాల డెయిరీ పక్కింటి సరోజానా? ఆమె మొగుని వాలకం చూసినప్పుడే అనుకున్నా!" నేను కాదు కాదనేలోగా ఆమె చెప్పులేసుకోని వీధి దాటింది.

మర్నాడు స్కూలుకి బయల్దేరతాంటే, వాకిట్లో సరోజ మొగుడు. "ఏం మిస్, మా ఇంట్లో ఆమె మీకేం చెప్పిందప్పా?" వాళ్ళాయన వెనకాలే సరోజ. ఆమెతో నేను అంతవరకూ ఒక్క మాటైనా మాట్లాడింది లేదు!

"నువ్వు బయటుండు" అని మొగునికి చెప్పి ఆమె లోపలికొచ్చింది. తలుపు దగ్గరేసింది.

"మిస్, ఆ ఉప్పు సంగతి మీకెట్ల తెలిసింది? నేను మా అమ్మకి కూడా చెప్పలేదే!" అని బోరుమనింది. ఇది యాక్టింగ్ కాదు.

నిజమైన క్లయింట్! థియరీ ఒక్క ముక్క గుర్తుకొస్తే ఒట్టు. ఏం చెప్పల్లో తెలీక, "టీ తాగుతావా?" అన్నా.

తాగింది. చెప్పింది. ఏడ్చింది. "ఇంకొంచెం పొయ్యల్లనా?" అన్నా. అదీ తాగింది, మిగిలిందంతా చెప్పింది. నేను స్టవ్ దగ్గరే నిలబడి వింటాండా. బయట అరుగు మీద మగోళ్ళిద్దరూ అప్పటికే దోస్తులైనట్టుండారు. "ఉప్పు ముందే వేస్తే కందిబేడలు ఉడకవు కదప్పా" అని సరోజ మొగుడంటే, "అదే కదా నేను చెప్పేది!" అని మా ఆయన.

చివరికి సరోజ మొగం తుడుచుకునింది. "మనసు తేలికైంది మిస్. ఎంతైనా చదువుకున్నోళ్ళు మీరు" అని చేతులు పట్టుకోని, మొగుణ్ణి పిల్చుకోని పోయింది.

మా ఆయన లోపలికొచ్చి ఖాళీ గ్లాసులు చూసినాడు, నన్ను చూసినాడు.

"కౌన్సెలింగ్ అంటే టీ పోసేదేనా? దీనికి ప్రతి ఆదివారం పావగడకి పోవల్లనా?"

ఆయనకీ ఒక గ్లాసు పోసినా.