సలోమి సాలు

మొగుడి పాత పొడుగుచేతుల చొక్కా చీర మీద తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, సలోమి పొద్దున్నే జాన్ బాషా మిరపతోటలో దిగుతుంది. కోతల రోజుల్లో ఆమె అరచేతులు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి. అందుకే చెమట మోచేత్తో తుడుచుకుంటుంది, మనవరాలి బుగ్గ నిమరాలన్నా చెయ్యి తిరగేసి నిమురుతుంది. ఒకసారి నడుం వంచిందంటే సాలు చివరిదాకా ఎత్తదు. ఎత్తితే మళ్లీ వంగడం కష్టం. పక్క సాలులో ఈమధ్య ఇంగ్రిడ్ అనే జర్మనీ అమ్మాయి కాయలు కోస్తోంది. "కూలికి కాదు సలోమీ. వీళ్లు దేశాలు తిరుగుతా, ఇట్టా మందులు కొట్టని తోటల్లో ఊరికే పనిచేస్తారు. తిండీ, పడకా మనం చూడాలంతే," అన్నాడు బాషా. ఇంత ఎండలో ఊరికే ఎవరు వంగుతారు? ఏదో మొక్కుకునే ఉంటుందని సలోమి తేల్చుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంగ్రిడ్ మరిచిపోయి కళ్లు నులుముకుంది. మంటకి తాళలేక గట్టు మీద కూలబడి ఏడ్చింది. సలోమి బాషా చేత ఆమె కళ్లలో చన్నీళ్లు కొట్టించి, చెయ్యి తిరగేసి జుట్టు పక్కకి నెట్టి, "ఇంక చాల్లే తల్లీ, నీ మొక్కు తీరిపోయింది. పోయి నీడన పడుకో," అంది. బాషా ఆ మాట ఇంగ్లీషులో చెప్పాడు. ఇంగ్రిడ్ ఎర్రబడిన కళ్లతోనే నవ్వి ఏదో అడిగింది.

"మరి నీ మొక్కేందని అడుగుతుంది సలోమీ."

సలోమి అప్పటికే రెండు సాళ్ల మధ్యకి జరిగింది. ఇప్పుడు రెండూ తనే కోయాలి.

"నాదా? నేను పుట్టకముందే ఎవరో మొక్కేశారని చెప్పండి సాయిబు గారూ," అని నడుం వంచింది.