తాడు జారనివ్వడం

మా బోంగ్‌సిమ్ పెద్దమ్మ మరీ పొట్టి. కల్మే దీవి జెట్టీ మీద టికెట్ల గది కిటికీలోంచి చూస్తే ఆవిడ తలకి చుట్టుకున్న తువ్వాలు తప్ప మనిషి కనిపించదు. అలాంటి మనిషి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎనభై టన్నుల లాంచీని ఆపుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ పని అదే. పూల పైజామా, రబ్బరు బూట్లు, అరచేతుల్లో ఎర్ర పూత ఉన్న చేతి తొడుగులు. లాంచీ మీంచి కళాసీ విసిరిన తాడు అందుకుని, ఇనప దిమ్మ చుట్టూ రెండు చుట్లు తిప్పి, మిగిలిన కొస పట్టుకుని నిలబడుతుంది. చూసేవాళ్లకి అది పనిలాగే ఉండదు. ఎవరో ఆవిడ చేతికి తాడిచ్చి, ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లిపోయినట్టుంటుంది.

నిజానికిది మగవాళ్ల పని. వాళ్లంతా తెల్లారకుండానే నెత్తళ్ల చేపల వేటకి పోతారు కాబట్టి ఆడవాళ్ల మీద పడింది. ఆడవాళ్లలో ఎవరూ ఒప్పుకోకపోయేసరికి మా పెద్దమ్మ మీద పడింది. కొత్తలో ఆవిడ కూడా అందరిలాగే తాడు అందగానే దిమ్మకి బిగించి ముడి వేసేసేదట. ఒకరోజు అలా ముడి వేశాక లాంచీ ఇంకా జోరు తగ్గక ముందుకి పోయింది. తాడు ఒక్కసారిగా బిగిసి, తెగి, వెనక్కి కొట్టి, టికెట్ల గది అద్దం పగలగొట్టి లోపలి గోడ గడియారాన్ని కింద పడేసింది. అదృష్టం బాగుండి గదిలో ఎవరూ లేరు. ఆవిడ సాయంత్రం దాకా జెట్టీ మీదే కూర్చుని ఆ తెగిన కొసని చూసిందట. ఇంటికొచ్చి మా అమ్మతో అన్న మాట ఒక్కటే. "ముడి గట్టిగానే వేశానే చెల్లీ. గట్టిగా వేయడమే తప్పు."

మర్నాటి నుంచి ముడి మానేసి చుట్లు మొదలుపెట్టింది. చుట్ల మీద తాడు జారుతుంది. జారుతూ జారుతూ పడవ జోరుని కొంచెం కొంచెంగా తినేస్తుంది. లాంచీ పూర్తిగా ఆగాక అప్పుడు తీరిగ్గా ముడి.

నేను ఒడ్డునున్న తోంగ్యాంగ్ పట్టణంలో హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం అని బోర్డు మీద రాస్తాను, వాళ్లు రాసుకుంటారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. బలాన్ని సమయంతో గుణించే ప్రచోదనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దమ్మ ఇంట్లో క్యాబేజీతో కిమ్చీ పచ్చడి పెట్టే రోజు గుర్తు చేసుకుంటాను. లారీ మీద నిలబడి ఒకరు క్యాబేజీలు విసురుతుంటే కింద ఒకరు పట్టుకోవాలి. ఒక్కోటి మూడు కిలోలుంటుంది. చేతులు బిర్రబిగించి పట్టుకున్నవాళ్లకి సాయంత్రానికి అన్నం ముద్ద కూడా నోటి దాకా పోదు. పట్టుకుంటూనే చేతులు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు రోజంతా కబుర్లు చెప్పుకుంటూ పట్టేస్తారు. వచ్చిన జోరంతా పోగొట్టాల్సిందే, అందులో బేరం లేదు. బేరమల్లా సమయంతోనే. సమయం ఎక్కువిస్తే చిన్న బలం సరిపోతుంది. సమయం లేకపోతే కొండంత బలం కావాలి, అది ఎవరో ఒకరి ఎముకల మీద పడుతుంది.

ఇప్పుడు మా పెదనాన్న పాండోల్ గురించి చెప్పాలి. మనిషి మంచివాడే. చెప్పిన మాట వినడం ఒక్కటే చేతకాదు. ఏదైనా చెయ్యొద్దంటే అది చేసి చూపించాలి, తప్పుకోమంటే అక్కడే కుర్చీ వేసుకోవాలి. మోకాళ్లు అరిగి వేట మానేశాక రోజంతా జెట్టీ చివర చేపల పెట్టె బోర్లించుకుని కూర్చుంటాడు. ఆయనకొక విద్య ఉంది, మా దీవి మగవాళ్లందరికీ ఉన్నదే. చిన్న పడవ గట్టుకి తగలబోతుంటే కాలు చాచి ఆపుతారు. నడక రాకముందే కాలు చాచడం వచ్చేస్తుందేమో అనిపిస్తుంది.

"నా కాలు ఆనిస్తే చాలు, ఎంత పడవైనా మర్యాదగా ఆగాల్సిందే," అంటాడు పెదనాన్న.

"అది నీ కాలికిచ్చిన మర్యాద కాదయ్యా, పడవలో చేపల్లేక," అంటుంది పెద్దమ్మ. "నిండా సరుకున్న పడవని ఎప్పుడైనా ఆపావా?"

"నిండా సరుకుతో ఎప్పుడొచ్చాడు గనక వదినా, ఆపడానికి," అంటారు పక్కనున్నవాళ్లు.

నవ్వులాట అక్కడి దాకా బాగానే ఉండేది. లాంచీ మాట వచ్చేసరికి పెద్దమ్మ ముఖం మారిపోయేది. పక్క దీవిలో ఒకాయన లాంచీకి ఇలాగే కాలు అడ్డం పెట్టి మోకాలి కింద అంతా పోగొట్టుకున్నాడు. పెదనాన్నకి ఎన్నిసార్లు చెప్పినా ఒకటే జవాబు. "వాడు ఎడమ కాలు పెట్టుంటాడు. అయినా లాంచీ ఎంత జోరుగా వస్తుందే? ముసలి ఎద్దు నడిచొచ్చినట్టొస్తుంది." చిక్కంతా ఇందులోనే ఉంది. కంటికి వేగం కనిపిస్తుంది, బరువు కనిపించదు.

రెండేళ్ల కిందట, శరదృతువులో ఒక శనివారం, పొద్దుటి లాంచీలో నేను దీవికి వస్తున్నాను. గాలి లేదు, నీళ్లు కదలడం లేదు. జెట్టీ దగ్గర పడుతుండగా ఇంజను మోత ఒక్కసారి పెరగాలి, అంటే సరంగు వెనక్కి తిప్పి జోరు తగ్గిస్తున్నాడని అర్థం. ఆ రోజు మోత పెరగలేదు. కింద ఏదో కటకటమని ఆగిపోయింది. సరంగు యాంగ్ గొంతు మైకులో వినిపించింది. "వెనక గేరు పట్టట్లేదు. అందరూ కింద కూర్చోండి, ఏదో ఒకటి పట్టుకోండి." తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి జెట్టీ వైపు అరిచాడు. "అక్కా, లాంచీ నా చేతిలో లేదు. నువ్వే ఆపాలి."

పెద్దమ్మ చెయ్యెత్తింది. సరే అన్నట్టు, అంతే.

నేను కూర్చోలేదు. ముందు భాగంలో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను కాబట్టి అంతా చూశాను. కళాసీ తాడు విసిరాడు, పెద్దమ్మ అందుకుంది, చుట్లు వేసింది. ఈసారి మూడు. లాంచీ మాత్రం అలాగే పోతోంది, మనిషి నడిచేంత నెమ్మదిగా. తాడు బిగిసింది. బిగిసినకొద్దీ లాంచీ ముక్కు గట్టు వైపు తిరగసాగింది. అది తిరుగుతున్నది జెట్టీ చివరికి. అక్కడ పెదనాన్న పెట్టె మీంచి లేచాడు. దీపస్తంభాన్ని ఒక చేత్తో పట్టుకున్నాడు. కుడి కాలు నీళ్ల మీదకి చాచాడు.

బోర్డు మీద ఎన్నోసార్లు చేసిన లెక్క తలలో దానంతటదే నడిచింది. ఒక మనిషి కాలి బలంతో ఈ లాంచీ ఆగాలంటే నిమిషం పైనే తొయ్యాలి. ఆయన కాలికీ వెనకున్న కాంక్రీటుకీ మధ్య ఉన్నది మూరెడు. నేను అరుస్తున్నాను గానీ ఏమని అరుస్తున్నానో నాకే తెలియదు. ఆయన నా వైపు చూసి నవ్వాడు, నేనున్నాగా అన్నట్టు. ఆ క్షణాన ఆయన మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు.

పెద్దమ్మ కూడా చూసింది. తాడు వదిలేసి పరిగెత్తితే లాంచీ జోరంతా ఆ చివరికే పోతుంది. వదలకపోతే ఆయన కాలు పోతుంది. తప్పుకోమని అరిచిందా, ఆయన ఇంకో కాలు కూడా పెడతాడు. నలభై ఏళ్ల కాపురం, ఆవిడకి తెలియనిది కాదు.

అరవలేదు. కొంచెం ఏడుపు గొంతుతో పిలిచింది.

"ఏమయ్యా, ఇది నా వల్ల కావట్లేదు. తాడు నన్ను లాక్కుపోతోంది. తొందరగా రా."

పెదనాన్న తల తిప్పాడు. ఆ మాట ఆవిడ నోట ఆయన అంతకు ముందు ఎన్నడూ విని ఉండడు. కాలు వెనక్కి తీసుకున్నాడు, ఆ తొందరలో రబ్బరు జోడు జారి నీళ్లలో పడింది. ఒంటి జోడుతో, అరిగిన మోకాళ్లతో, నేనెప్పుడూ చూడనంత వేగంగా ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు. వస్తూనే తాడు మీద చెయ్యి వేయబోయాడు. వేస్తే ఊరుకుంటాడా, బిగించి లాగుతాడు. లాగితే తాడు తెగుతుంది.

"తాడు కాదయ్యా, నన్ను పట్టుకో," అంది పెద్దమ్మ. "వెనక నిలబడి నడుం పట్టుకో. గట్టిగా. తాడు సంగతి నేను చూసుకుంటా."

జెట్టీ మీద సగం ఊరుంది. మా దీవిలో మొగుడూ పెళ్లాం పక్కపక్కన నడవడానికే సిగ్గుపడతారు. పెదనాన్న చెవులు ఎర్రగా అయిపోయాయి. అయినా రెండు చేతులూ ఆవిడ నడుం చుట్టూ వేసి కళ్లు మూసుకుని పట్టుకున్నాడు.

తాడు దిమ్మ మీద మూలుగుతూ జారింది. పొగ లేచింది. ఎవరో బకెట్టుతో సముద్రం నీళ్లు తెచ్చి పోశారు. పెద్దమ్మ కొంచెం వదులుతోంది, కొంచెం పడుతోంది, మళ్లీ వదులుతోంది. లాంచీ బరువెక్కినట్టు, అలిసిపోయినట్టు నెమ్మదించింది. జెట్టీ చివర వేలాడదీసిన పాత లారీ టైర్ల మీద పక్కకి వాలింది. టైర్లు నలిగి, ఊపిరి వదిలి, మళ్లీ ఉబ్బాయి. ఆగింది. పెద్దమ్మ కోసం తెస్తూ కాళ్ల దగ్గర పెట్టుకున్న పళ్ల పెట్టెలోంచి ఒక్క పండు కూడా దొర్లలేదు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. సరంగు యాంగ్ దిగొచ్చి పెద్దమ్మ ముందు నడుం దాకా వంగి దణ్ణం పెట్టి, అలాగే వంగి ఏడ్చేశాడు. కళాసీ కొక్కెంతో నీళ్లలోంచి పెదనాన్న జోడు తీశాడు. లాంచీకీ గట్టుకీ మధ్య ఇరుక్కుని అది ఎండుచేపలా పల్చబడిపోయింది. పెదనాన్న దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తన పాదం కేసి చూసుకున్నాడు. నేను లాంచీ దిగి జెట్టీ మీదే చతికిలబడ్డాను. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియలేదు. అమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో.

పెద్దమ్మ చేతి తొడుగులు విప్పి, అరచేతుల మీద ఊదుకుంది. "ఇంకా పట్టుకునే ఉన్నావేంటయ్యా, వదులు. అందరూ చూస్తున్నారు," అంది. అప్పటికి గానీ ఆయన వదల్లేదు.

అప్పటి నుంచి పెదనాన్న ఎవరు దొరికినా ఆ కథ చెప్తాడు. గిన్నెలో బియ్యం కల్లు పడితే చాలు. "మా ఆడదానికి చేతకాలేదు. ఏడ్చింది. నేను వెనక నుంచి పట్టుకోబట్టి సరిపోయింది గానీ లేకపోతే లాంచీతో పాటు అదీ నీళ్లలోకి పోయేది." ఏడాది తిరిగేసరికి ఎనభై టన్నుల లాంచీ రెండొందల టన్నులైంది, కదలని నీళ్లలో తుఫాను లేచింది. పక్కనే కూర్చుని పెద్దమ్మ నంజుకోడానికి నెత్తళ్లు వేయిస్తూ, "అవును, ఈయన లేకపోతే అయిపోయేదాన్ని," అంటుంది.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు పెదనాన్న తన కొత్త అల్లుడికి అదే కథ చెప్తుంటే వినలేక నేను వంటింట్లోకి వచ్చేశాను. "పెద్దమ్మా, మూడు చుట్లు వేసిన తాడు నిన్నెలా లాక్కుపోతుంది? రాపిడే ఆపేస్తుంది, చిన్నపిల్ల కొస పట్టుకున్నా చాలు కదా. నిజం చెప్పెయ్యొచ్చుగా. నీ పేరు చెడగొడుతున్నాడు, నీకు కోపం రాదా?"

ఆవిడ పెనం మీద నెత్తళ్లు తిరగేసింది. తలుపు సందులోంచి ముందు గదిలోకి చూసింది. అక్కడ పెదనాన్న లేచి నిలబడి, తాడు ఎలా బిగిసిందో, తను జెట్టీ మీద ఎలా పరిగెత్తాడో అల్లుడికి చేసి చూపిస్తున్నాడు.

"రెండు కాళ్లతో పరిగెత్తి చూపిస్తున్నాడు కదే," అంది. "చెప్పుకోనీ."