అభ్యంతరాల వరదయ్య

రెఫరీ ఈల ఊదితే ఆటగాళ్ళు ఆగుతారు. వరదయ్య మొదలుపెడతాడు.

తిరుపతి రైల్వే స్టేషను దగ్గర ఒక లాడ్జికి ఆయన మేనేజరు. వయసు యాభై ఎనిమిది. ఆదివారం పొద్దున ఆరున్నరకు కాలేజీ మైదానంలో ‘కొండకింద లెవెన్’ అనే ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెను, ఎడమ వైపు బ్యాకు. బ్యాకు అన్నారు కదా అని పరిగెత్తుతాడనుకునేరు. గీత పక్కన స్థిరంగా నిలబడతాడు. బంతి తన దగ్గరికి వస్తే మర్యాదగా సాగనంపుతాడు. మిగిలిన సమయమంతా రెఫరీ కోసమే.

“సామీ, ఒక్క నిమిషం. నాకు అభ్యంతరం ఉండాది.”

ఆ సామి పేరు హృషీకేశ్. నలభై రెండేళ్ళ ఆటల మాస్టారు. నుదుట నామం, మెడలో ఈల, జేబులో రెండు రంగుల కార్డులు. ఫుట్‌బాల్ నియమాల పుస్తకం తాతగారి పాశురాల పక్కనే పెట్టుకున్నవాడు, రెండూ పుస్తకం చూడకుండా అప్పజెప్పగలవాడు. అంతటివాడూ ఎనిమిదేళ్ళుగా ఆదివారం పొద్దున లేవగానే బంతిలో గాలి ఉందా అని చూసుకోడు, వరదయ్య ఊళ్ళో ఉన్నాడా అని కనుక్కుంటాడు.

తగాదాలాడే వాళ్ళు లోకంలో రకరకాలు. కాశీలో పడవవాళ్ళు తగాదాలో పాట కలుపుతారు. మధురైలో పూలమ్మేవాళ్ళు మూర కొలుస్తూనే మనిషిని కూడా కొలిచేస్తారు. రెండో తరగతి రైలుపెట్టెలో కిటికీ పక్క సీటు కోసం గూడూరులో మొదలైన తగాదా భుసావళ్ దాకా పచ్చిగానే ఉంటుంది. కానీ వాళ్ళందరికీ ఏదో ఒకటి కావాలి. వరదయ్యకు ఏమీ అక్కర్లేదు. ఒక్క బూతు మాట రాదు, గొంతు పగలదు, తీర్పు తనకు అనుకూలంగా మారినా సంతోషించడు. కేవలం తగాదా. సంగీతం తెలిసినవాడు రాగం అందుకున్నట్టు అందుకుంటాడు. అవతల నిలబడి మాటలు పడవలసిన హృషీకేశే లోలోపల నోరు తెరుచుకుని వినేవాడు.

ఒకసారి టాస్ వేశారు. బొమ్మ పడింది. వరదయ్య గెలిచాడు.

“సామీ, ఆ బిళ్ళ గాల్లో ఎన్ని సుట్లు తిరిగింది?”

“నేను లెక్కపెట్టలేదన్నా. నువ్వే గెలిచినావు కదా!”

“గెలిచింది నాకూ తెలుసు. న్యాయంగా గెలిచినానా అని అడగతాండా.”

అవతలి కెప్టెను చేతులు జోడించాడు. “మేం ఓడిపోయినాం వరదయ్యన్నా. మాకేం అభ్యంతరం లేదు.”

“నీకు లేకుంటే నేనేం జేసేదప్పా? నాకుండాది.”

పావుగంట పట్టింది ఆ బిళ్ళ కిందికి దిగడానికి. ఈలోగా బండి పంక్చరై ఆలస్యంగా వచ్చిన నవీన్ అనే కుర్ర ఫార్వర్డు రొప్పుతూ వచ్చి, బూట్లు కట్టుకుని, జట్టులో కలిసిపోయాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. అందరూ బిళ్ళ వైపే చూస్తున్నారు.

ఇంకోసారి కొండకింద లెవెన్ తరఫున వెంకటముని పెనాల్టీ కొట్టాడు. బ్యాంకు ఉద్యోగి, ఏ పనీ సగం చేయని మనిషి. బంతి గోలు మీదుగా, ప్రహరీ మీదుగా వెళ్ళి రోడ్డు పక్క ఇడ్లీ బండి మీది చట్నీ గిన్నెలో మునిగింది. వెంకటముని మొహం ఇంకా వాడిపోకముందే వరదయ్య పెనాల్టీ చుక్క దగ్గర ఉన్నాడు.

“ఈ సుక్క యాడుండాలో ఆడ లేదు సామీ. పన్నెండు గజాలంటే ముప్పై ఆరడుగులు. నేను నడిసి సూసినా. ముప్పై ఎనిమిది వచ్చినాయి.”

“అవి నీ పాదాలన్నా.”

“నా పాదాలకేం తక్కువ? లాడ్జిలో మూడంతస్తులు ఎక్కి దిగే పాదాలివి.”

గోలు నుంచి చుక్కకు, చుక్క నుంచి గోలుకు మడమకు బొటనవేలు ఆనించి ఆయన నడుస్తుంటే, రెండు జట్లూ పక్కనే నడుస్తూ పైకి లెక్కపెట్టాయి. ముప్పై దాటేసరికి నవ్వాపుకోలేక కొందరు కూర్చున్నారు.

అన్నిటికన్నా విడ్డూరం ఇంకొకటి. అవతలి గోల్‌కీపర్ కాళ్ళ సందునుంచి బంతి మెల్లగా, పిల్లి పాల గదిలోకి పోయినట్టు, గోల్లోకి వెళ్ళింది. కొండకింద లెవెన్‌కు గోలు. జట్టంతా ఎగిరి గంతులేస్తుంటే వరదయ్య చెయ్యెత్తాడు.

“అభ్యంతరం! కార్నర్ జెండా పక్కన కుక్క పోయింది.”

“అన్నా, గోలు మనకప్పా!” అని నవీన్ ఆయన చొక్కా పట్టి లాగాడు.

“ఎవురికైతే ఏం? కుక్క కుక్కే గదా!”

తనకొచ్చిన గోలు తనకొద్దని పోట్లాడిన మనిషిని హృషీకేశ్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇంటికెళ్ళి భార్య గోదాతో చెబితే ఆమె దోసె తిరగేస్తూ, “ఆయన నోరు మూయించి రమ్మంటే మీరు భక్తుడై వస్తారేమండీ!” అంది.

నిజానికి ఈ ఆదివారాల ఆట సరదాగా మొదలైంది. లాడ్జి మేనేజర్లు, టీచర్లు, ఆటోవాళ్ళు, కొండ మీద పనిచేసేవాళ్ళు పొట్ట కాస్త తగ్గుతుందని మొదలుపెట్టారు. గంట ఆడి రెండు గంటలు టిఫిను తినేవాళ్ళు గనుక పొట్టకు ఏ ప్రమాదమూ జరగలేదు. మూడేళ్ళ క్రితం ఎవరో మహానుభావుడు ఒక స్టీలు కప్పు తెచ్చి పెట్టాడు. ఆ రోజు నుంచి “బాగా ఆడినావప్పా” అనే మాట తగ్గి, “ఎందుకిట్లా జేసినావు?” అనే మాట పెరిగింది. వారమంతా మర్యాదస్తులైన మనుషులు ఆదివారం ఆరున్నరకు యుద్ధానికి వచ్చినట్టు వచ్చేవాళ్ళు.

ఈ ఏడు ఫైనలు కొండకింద లెవెన్‌కూ, తడ నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కార్మికుల జట్టుకూ. ఆ మ్యాచికి చిత్తూరు నుంచి బాలచంద్ర అనే పెద్దాయన వస్తున్నాడు. రెఫరీలను పరీక్షించే పరిశీలకుడు. ఆయన సరేనంటే హృషీకేశ్ జిల్లా మ్యాచులకు రెఫరీ అవుతాడు. పదేళ్ళ కోరిక. ఎన్ని నియమాలు తెలిసినా ఒకే ఒక్క భయం.

శనివారం ఆ భయాన్ని వెతుక్కుంటూ లాడ్జికి వెళ్ళాడు. వరదయ్య కౌంటరు వెనక ఒక కుటుంబానికి రూము తాళం ఇస్తున్నాడు. అప్పటికే ఆయన తల నున్నగా ఉంది. సెమీఫైనలు గెలిస్తే గుండు కొట్టించుకుంటామని జట్టంతా మొక్కుకుంది. అందరికీ గోవిందే గీశాడు. గోవిందు అదే జట్టులో నడిమి బ్యాకు. కొండ మీద కల్యాణకట్టలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మెత్తని మనిషి.

“అన్నా, రేపు ఒక్క రోజు నోరు తెరవొద్దు. నీకు దండం పెడతా. నా పరీక్ష.”

వరదయ్య తాళాలు సర్దడం ఆపాడు. “ఒక్క అభ్యంతరం కూడా వద్దా సామీ?”

“ఒక్కటి కూడా.”

“ఆటలో ఏం జరిగినా?”

“ఏం జరిగినా.”

“మా వాళ్ళు ఎవురేం జేసినా?”

“అన్నా!”

వరదయ్య చాలాసేపు గుండు నిమురుకున్నాడు. “సరే సామీ. మాట ఇచ్చినా.”

ఆదివారం తెల్లారింది. పదకొండు గుండ్లు మైదానంలోకి దిగాయి. ఎండకు తల చుర్రుమంటుందని గోవిందు గంధం గిన్నె తెచ్చి, అందరికీ ఇంకో పట్టు దట్టంగా వేశాడు. “వేడి తీసేస్తాదిలే” అని తనకు మరికాస్త ఎక్కువ పూసుకున్నాడు. పదకొండు పసుప్పచ్చ గుండ్లు అటూ ఇటూ పరిగెత్తుతుంటే ఎవరెవరో హృషీకేశ్‌కు పోల్చుకోవడం కష్టమైంది. వరదయ్య ఒక్కడే గుర్తు. నిలబడి ఉన్నాడు కనుక.

ఆట అద్భుతంగా సాగింది. ఫౌలు ఇస్తే ఫౌలు, త్రో ఇస్తే త్రో. వరదయ్య పెదవులు ముడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో శిక్ష పడిన పిల్లవాడిలా నిలబడ్డాడు. ఒకటి రెండుసార్లు చెయ్యి లేచింది. రెండో చెయ్యి దాన్ని పట్టి దించింది. గీత బయట కుర్చీలో బాలచంద్ర తల పంకిస్తూ రాసుకుంటున్నాడు. హృషీకేశ్‌కు ఈల కూడా తీయగా వినిపించింది.

ఒకటి ఒకటి సమానం. ఇంకో మూడు నిమిషాలు. తడ జట్టు కెప్టెను సునీల్‌కుమార్ కార్నర్ కిక్ కొట్టాడు. బంతి ఎత్తుగా వచ్చింది. గోవిందు సరిగ్గా దాని కిందికి వచ్చాడు, సరిగ్గా ఎగిరాడు, సరిగ్గా నడినెత్తిన తీసుకున్నాడు. ఎన్ని చేసి ఏం లాభం? చెమటకు తడిసిన గంధం. బంతి ఆ గుండు మీద సబ్బుబిళ్ళలా సర్రున జారి, వెనక్కి వెళ్ళి, సొంత గోల్లో పడింది.

హృషీకేశ్ ఈల ఊదాడు. తడ జట్టు కేకలు వేసింది. తర్వాత అలవాటుగా ఆయన చెవులు వరదయ్య గొంతు కోసం ఎదురుచూశాయి.

ఆ గొంతు రాలేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి, గోలు పడ్డాక ఆ మైదానంలో మిగతావాళ్ళు ఏమంటారో హృషీకేశ్‌కు వినిపించింది.

“రే గోవిందూ, ఏం పని రా ఇది! గుండ్లు గీసేది తెలుసు, తలతో కొట్టేది తెల్దా?” అన్నాడు వెంకటముని.

“ఎనిమిది వారాల కష్టం! నీ గంధం పాలు జేసినావు కదన్నా!”

“వచ్చే వారం నాకు పెళ్ళిచూపులు. నా జుట్టు ఎవురిస్తారు?” అని నవీన్ అరిచాడు. ఆ మాట మీద కూడా ఎవరికీ నవ్వు రాలేదు.

గోవిందు గోలు స్తంభం దగ్గర కూర్చుని బూటు లేసులు విప్పడం మొదలుపెట్టాడు. తొందరేమీ లేకుండా, ఒక్కొక్క కన్నం నుంచీ. అలా ఆట మధ్యలో లేసులు విప్పినవాళ్ళను హృషీకేశ్ వేరే జట్లలో చూశాడు. ఒక పోస్ట్‌మాస్టరు, ఒక లెక్కల టీచరు. వాళ్ళెవరూ మళ్ళీ ఆదివారం రాలేదు. దారిలో కనబడితే సందు మార్చి వెళ్ళిపోయేవాళ్ళు. కొండకింద లెవెన్‌లో మాత్రం మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్ళు ఒక్కరూ మానలేదు.

హృషీకేశ్ వరదయ్య వైపు చూశాడు. ఆయన చేతులు వెనక కట్టుకుని గోవిందు వైపే చూస్తున్నాడు. ఇచ్చిన మాట కోసం ఒక చెయ్యి రెండో చేతిని గట్టిగా పట్టుకుంది. రెఫరీకి ఒక్కసారిగా అన్నీ వెనక్కి తిరిగి కనబడ్డాయి. బిళ్ళ చుట్ల లెక్క అడిగిన రోజు ఆలస్యంగా వచ్చింది నవీన్. చుక్క కొలిచిన రోజు పెనాల్టీ పోగొట్టింది వెంకటముని. కుక్క వెళ్ళిన రోజు మొహం దాచుకోవలసింది అవతలి కీపరు, తన జట్టువాడు కూడా కాదు. ఎవరు తప్పు చేసినా మైదానంలోని కోపమంతా వాళ్ళ మీద పడకముందే ఈ మనిషి అడ్డంగా వచ్చి తన మీదికీ రెఫరీ మీదికీ తిప్పేసుకున్నాడు. ఎనిమిదేళ్ళు! ఒక్కడికి కూడా అనుమానం రాకుండా!

తర్వాత చేసిన పనికి ఏ పుస్తకంలోనూ నియమం లేదు. ఆయన మైదానం అడ్డంగా నడిచి వెళ్ళి, వరదయ్య మొహం ముందు పసుప్పచ్చ కార్డు ఎత్తాడు.



“నాకెందుకు సామీ కార్డు?” అన్నాడు వరదయ్య. “నేను నోరే తెరవలేదే!”

“అందుకే ఇచ్చినా.”

వరదయ్య ఆయన కళ్ళలోకి చూశాడు. గోవిందు వైపు చూశాడు. మళ్ళీ ఆయన వైపు చూశాడు. ఆ గంధపు గుండు కింద మొహం మెల్లగా విచ్చుకుంది.

“అభ్యంతరం!”

అది కొండ దాకా వినిపించి ఉంటుంది. “మాట్లాడితే కార్డు, మాట్లాడకుంటే కార్డా? ఇదేం రాజ్యం సామీ! ఊపిరి పీలిస్తే ఎర్ర కార్డిస్తావా? రాండప్పా, అందరూ రాండి, సూడండి ఈ అన్యాయం!”

వచ్చారు. వెంకటముని వచ్చాడు, నవీన్ వచ్చాడు. ఎదుటి జట్టు కెప్టెను సునీల్‌కుమార్ కూడా “అయినా ఇది చాలా తప్పు సార్” అంటూ వచ్చాడు. అందరికన్నా గట్టిగా అరిచినవాడు ఒక బూటుతో పరిగెత్తుకొచ్చిన గోవిందు. “మా అన్న ఏం జేసినాడని ఇచ్చినావు కార్డు? ముందు అది సెప్పు!”

ఇన్ని తిట్లు తింటూ అంత హాయిగా నిలబడ్డ రెఫరీ మరొకడు ఉండడు. ఆ హాయి కాసేపే. గుంపు అవతల నుంచి పిలుపు వచ్చింది.

“మిస్టర్ హృషీకేశ్. ఇట్లా రాండి.”

బాలచంద్ర కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. “ఆ కార్డు ఏ నియమం కింద ఇచ్చినారు?”

హృషీకేశ్ నోరు తెరిచాడు. పదిహేడు నియమాలూ ఒక్కొక్కటిగా మనసులోకి వచ్చి, చేతులు ఊపి వెళ్ళిపోయాయి. రెండు జట్లూ తన వైపే చూస్తున్నాయి. చెవులు వేడెక్కాయి.

అప్పుడే పక్కనుంచి ఒక గుండు దూరింది.

“అయ్యా, మీరు పెద్దోళ్ళు, పరీక్ష పెట్టేటోళ్ళు. ఒక్క మాట. మీ కుర్చీ ముందు కాళ్ళు రెండూ గీత లోపల ఉండాయి.”

బాలచంద్ర కిందికి చూశాడు. “లోపల లేవే!”

“ఉండాయి. కార్నర్ కొట్టేటప్పుడు కూడా ఉండాయి. బయటి మనిషి లోపల కూర్చోనుంటే ఆ గోలు ఎట్లా సెల్లుతాదయ్యా?”

“నేను ముప్పై ఏళ్ళుగా మ్యాచులు చూస్తుండాను. నాకు కుర్చీ వేసుకునేది తెలీదా?”

“ముప్పై ఏళ్ళుగా ఇట్లనే వేసుకుంటుండారా? అయితే ఇంకా ఘోరం!”

బాలచంద్ర లేచి, పంచె ఎగ్గట్టి, గీత పక్కన వంగాడు. వరదయ్య వంగాడు. రెండు జట్లూ వంగాయి. “సున్నం గీత ఇక్కడ”, “కాదు, ఇది పాత గీత” అని ఇరవై మూడు చేతులు నేలను చూపిస్తుంటే, హృషీకేశ్ ఒక్కడే నిటారుగా మిగిలాడు. తన వైపు చూసేవాళ్ళు ఎవరూ లేరు. చెవుల్లో వేడి తగ్గిపోయింది. వరదయ్య దయ ఇంత చల్లగా ఉంటుందని లోపల నిలబడితే గానీ తెలియలేదు.

కప్పు మధ్యాహ్నం రైలుకు తడ వెళ్ళిపోయింది. పదిహేను రోజులకు చిత్తూరు నుంచి కవరు వచ్చింది. గోదా చించి పైకి చదివింది.

“నియమాల పరిజ్ఞానం బాగున్నది. ఆట మీద అదుపు చాలదు. వచ్చే ఏడాది మళ్ళీ పరీక్షించవలెను.” ఆమె కాగితం తిప్పి, అడుగున పెన్నుతో రాసిన వాక్యం దగ్గర ఆగి, ఇంకా గట్టిగా చదివింది. “కుర్చీ గీత బయటనే ఉన్నది.”