మగ్గం గుంత మీద స్పీకరు

1981లో నన్ను తిరువళ్ళూరు షాపు నుంచి తిరుత్తణి షాపుకు మార్చారు. ఉద్యోగం పేరు సర్వీసు మెకానిక్కు. స్పీకర్లు అమ్మడం సేల్స్‌మన్ పని. అమ్మినవి ఇంట్లో సరిగా పలకకపోతే వెళ్ళి చూడడం నా పని. ఈ విద్య నేను కాలేజీలో చదవలేదు. విప్పి, కొలిచి, లెక్కవేసి నేర్చుకున్నాను.

ఆ ఏడు షాపుకు మునెయ్య అనే ముసలి నేతగాడు వచ్చాడు. చూపు పూర్తిగా పోయింది. మగ్గం మానేశాక పాటలే ఆయనకు పొద్దు గడిపేవి. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ కొనక్కరలేని జత కావాలన్నాడు. స్పీకరులో ముందు చెడేది, కదిలి చప్పుడు పుట్టించే కాగితపు కోను చుట్టూ ఉండే అంచు. మెత్తటి స్పాంజి అంచు మొదట బాగా పలుకుతుంది కానీ కొన్నేళ్ళకు పొడిపొడిగా రాలిపోతుంది. మడతలు పెట్టి అంటించిన గుడ్డ అంచు నిలుస్తుంది. నేను రెండూ ఆయన చేతికిచ్చాను. వేళ్ళతో తడిమి, "ఇది నూలు గుడ్డ. ఇదే ఇయ్యి అబ్బోడా, నాకంటే ఎక్కువ కాలం ఉంటాది" అన్నాడు. పది అంగుళాల కోను, ఎనిమిది ఓములు. మంచి ఎంపిక.

నెల తిరక్కముందే ఆయన కోడలు సరోజ షాపుకొచ్చింది. కాన్పుకు పళ్ళిపట్టులోని పుట్టింటికి వెళ్ళబోతోంది.

"టేపు మిషను ఆపినాక కూడా ఎడమపక్క స్పీకరు పెట్టె కొట్టుకుంటా ఉంది అన్నా. అచ్చం మగ్గం ఆడినట్టే సత్తం. మామను అడిగితే, మా అన్న నేస్తా ఉండాడు అంటాడు. ఆ పెట్టె ఉంటే బిడ్డనెత్తుకొని నేను ఈ ఇంటికి రాను" అంది.

పెట్టెలు తీసేస్తే ముసలాయనకు పొద్దు గడవదు. ఉంచితే మనవడో మనవరాలో ఆ ఇల్లు తొక్కరు.

వీధిలో మగ్గాలు ఆడుతుంటే ఏ చప్పుడు ఎక్కడిదో తేలదు. నేతవాళ్ళు అమావాస్యనాడు మగ్గం ఎక్కరు. అందుకని ఆడి అమావాస్య వరకూ ఆగి, మధ్యాహ్నం వెళ్ళాను. పెద్దలకు పెట్టుకునే రోజు కనుక వాకిళ్ళన్నీ కడిగి ఉన్నాయి. ఒక్క మగ్గంలోనూ నూలు దాటించే నాడె కదలడం లేదు. అంత నిశ్శబ్దంగా ఆ వీధిని నేనెప్పుడూ వినలేదు.

కుడి పెట్టె మామూలు నేల మీద ఉంది. ఎడమది ఒక కడప బండ మీద. బండ కింద మగ్గం గుంత. మునెయ్య అన్న గోవిందు ఆ గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తూనే, చీర సగంలో ఉండగా పోయాడట. పడుగు మీద పని మిగిలిపోతే ఆ గుంతను మట్టితో పూడ్చరు, బండ కప్పుతారు. అది ఆ ఇంటి ఆచారం. ఎవరూ తొక్కని చోటని, పెట్టెను గౌరవంగా అక్కడ పెట్టించింది మునెయ్యే.

పాట పెట్టి, ఆపి, ప్లగ్గు పీకాను. కాసేపటికి ఎడమ పెట్టెలో దడ్, దడ్ అని మొదలైంది. వైర్లు విప్పాను. ఆగలేదు. కోను మీద వేలు పెడితే అది లోపలికీ బయటికీ కదులుతోంది. కరెంటు లేని కోను అలా కదలడం నేను మొదటిసారి చూశాను.

అప్పుడు మునెయ్య కాళ్ళు చూశాను. బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పంచె అంచు కింద పాదాలు బండ మీద ఎడమ, కుడి, ఎడమ, కుడి తొక్కుతున్నాయి. ఆయనకే తెలియదు. కాళ్ళు ఎత్తమన్నాను. చప్పుడు ఆగింది. బోలుగా ఉన్న గుంత డోలులా మోగి, ఆ అదురు పెట్టెలోకి ఎక్కి, కోను దాన్ని గదిలోకి నెడుతోంది.

సరోజ నవ్వింది. "నీ కాళ్ళా మామా! నన్ను చంపేస్తివి కదా!" అంటూ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక మునెయ్య గొంతు తగ్గించాడు. "నేను తొక్కేది రెండు నాయనా. మూడోది యాడనించి వస్తాది?"

మళ్ళీ తొక్కమన్నాను. ఎడమ, కుడి, ఆ తర్వాత కొంచెం ఆగి, నూలును దగ్గరికి కొట్టే మగ్గం పలకను బాదినట్టు ఇంకొకటి. అదే చోట నేను తొక్కి చూశాను. రెండే వచ్చాయి. ఆయన తొక్కితే మూడు. ప్రతిధ్వని అనుకొని లెక్క వేశాను. మూడడుగుల లోతున్న గుంతలో చప్పుడు దిగి తిరిగి రావడానికి సెకనులో నూటయాభయ్యో వంతు కూడా పట్టదు. చెవి దాన్ని వేరుగా పట్టలేదు. ఇది నిదానంగా, చెయ్యి చాచి ఆ పలకను లాగినంత సేపటికి వస్తోంది.

"తీసేయి నాయనా," అన్నాడు ఆయనే. "బిడ్డ రావాల. అన్న ఏమీ అనుకోడు."

పెట్టెను గోడ పక్కకు, గట్టి నేల మీదికి మార్చాను. చప్పుడు లేదు. బల్లను మాత్రం ఉన్నచోటే ఉంచమన్నాడు. ఉంచాను.

మరుసటి ఏడు టేపు హెడ్డు శుభ్రం చేయడానికి వెళ్ళినప్పుడు సరోజ ఇంట్లోనే ఉంది. స్పీకర్లు బాగానే పలుకుతున్నాయి. బిడ్డ బండ మీద కూర్చుని మడమలతో దాన్ని కొడుతోంది.

స్పీకరును ఎన్నేళ్ళు ఉంచుకోవాలనుకుంటే అంత జాగ్రత్తగా, అది నిలబడే నేలను ముందు చూడాలి. కింద ఏముందో ఇంటివాళ్ళను అడగాలి. ఆ తర్వాత నేను ఈ పద్ధతి తప్పలేదు. రెండోది, లెక్కకు అందనిదానికి కారణం కల్పించి చెప్పకూడదు. ఆ రోజు బిడ్డ ఎన్ని దెబ్బలు కొట్టిందో, ఎన్ని వినిపించాయో నేను లెక్కపెట్టలేదు.