గ్రహణం మొర్రి

ఎమ్మిగనూరులో సైన్సు టీచరుగా చేరిన కొత్తలోనే, బడి వదిలాక వీధుల్లోకి వెళ్లి మూఢనమ్మకాల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. పాము కాటు కానీ, గ్రహణం కానీ, అర్థమయ్యేలా చెబితే జనం వింటారని నా నమ్మకం.

ఒక సూర్యగ్రహణం రోజున బడి ఆవరణలో అందరికీ తినడానికి బొరుగుల ఉగ్గాని చేయించాను. గ్రహణం పట్టి ఉండగా తిన్నా ఏమీ కాదని చూపించాలని. వచ్చింది కొద్దిమందే. వాళ్లలో నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె ఉంది. మగ్గం నేసే ఇంటి కోడలు, ఏడో నెల గర్భిణి. నేను పిలవలేదు, తనే వచ్చింది. గ్రహణం చూసే అద్దాల్లోంచి సూర్యుణ్ణి చూసి, నా పక్కనే కూర్చుని తింది. ఇంకొంచెం అడిగి పెట్టించుకుంది కూడా.

ఆమెకు పుట్టిన ఆడబిడ్డకు పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. అంగిలి కూడా చీలింది.

మన భాషలో దానికి పేరే గ్రహణం మొర్రి. బిడ్డను చూడటానికి నేను వెళ్లేసరికి అత్తగారు గడపలోనే నిలబడి ఉంది. అరవలేదు, తిట్టలేదు.

“మీరు సెప్పినారనే మా కోడలు ఆ పొద్దు బయటికొచ్చింది. ఈ బిడ్డకి ఎందుకిట్లయిందో మీరే సెప్పండి మేడం.”

చెప్పాను. కడుపులో పెదవి, అంగిలి అతుక్కునేది మూడు నెలలు నిండకముందేనని, గ్రహణం నాటికి అంతా అయిపోయిందని. ఆమె చివరిదాకా విని లోపలికి వెళ్లిపోయింది. కొన్ని నెలలు నిండి బరువు పెరిగితే ఆపరేషన్‌తో సరిచేస్తారని, ఖర్చు లేకుండా చేసే చోట్లున్నాయని భర్తకు చెప్పాను. అతను తల ఊపాడు. కానీ బిడ్డను నలుగురికీ చూపించడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. బిడ్డ రొమ్ము పట్టలేకపోయేది. తల్లి పాలు పిండి చెంచాతో పోస్తే సగం ముక్కులోంచి వచ్చేవి. ఒకరోజు పాలు పొలమారాయి. జ్వరం వచ్చి రొప్పు మొదలైంది. ఆదోని ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆ అమ్మాయిని చూడటానికి వెళ్లాను. మగ్గం ఆపి ఉంది. గ్రహణానికీ బిడ్డకూ సంబంధం లేదని మళ్లీ మొదలుపెట్టబోయాను.

“నాకు తెల్సు మేడం. మీరు సెప్పింది నిజమే,” అంది. “కానీ ఆ పొద్దు నేను లోపలే ఉండింటే, నా బిడ్డని నేనే సంపుకున్నానని ఎవరూ అనకపోదురు గదా.”

కాసేపు కూర్చుని వచ్చేశాను.

మాట్లాడటం మానలేదు. మొన్న దేవనకొండ వైపు ఒక పల్లెలో, గ్రహణం గురించి ఎవరూ అడగకముందే, మొర్రి మాట నేనే ఎత్తాను. గ్రహణం వల్ల కాదని చెప్పాను. కూలి పని నుంచి నేరుగా వచ్చి కూర్చున్న ఒక పెద్దాయన అడిగాడు:

“మరి దేనివల్ల వస్తాదమ్మా?”

కొన్ని కారణాలు తెలుసనీ, చాలామంది బిడ్డల్లో ఎందుకొచ్చిందో డాక్టర్లు కూడా కచ్చితంగా చెప్పలేరనీ అన్నాను. ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆయన వెనకే ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి వెళ్లారు.