తిమ్మమ్మ వాకిట్లో నెమళ్లు

తిమ్మమ్మకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది. అది అన్యాయం. ఆమెకు తీరిక తక్కువ, అంతే. పొద్దున లేచింది మొదలు ఆ ఇంట్లో ఏదో ఒక గొంతు ఆమెను పిలుస్తూనే ఉంటుంది. మొగుడు కుళ్లాయప్పకు తువ్వాలు తన భుజం మీదే ఉన్నా సరే, దాన్ని పెళ్లామే వెతికిపెట్టాలి. అత్త ఓబులమ్మకు ఆకూవక్కా దంచి ఇవ్వాలి, ఇచ్చాక మెత్తగా లేదంటే మళ్లీ దంచాలి.

వీటన్నిటి నుంచి ఆమెకు దొరికే సెలవు ఒక్కటే, వాకిట్లో ముగ్గు. పొద్దున్నే పేడనీళ్లు చల్లి, పిండి పోసిన కొబ్బరిచిప్ప ఎడమచేత పట్టుకుని వంగిందంటే ఇక ఆ మనిషి ఈ లోకంలో లేనట్టే. ఆమె వేసేది మెలికల ముగ్గు. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ఒకే గీతను తిప్పుకుంటూ పోయి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలపాలి. మెలిక తిరుగుతున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఆమెను పిలవకూడదు, పిలిస్తే ఇంటికి అరిష్టం. ఈ మాట ఏ శాస్త్రంలోనూ లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో తిమ్మమ్మే కల్పించింది. పిల్లి తుమ్మినా భయపడే ఓబులమ్మ దాన్ని గట్టిగా నమ్మింది. అప్పటి నుంచి గీత కలిసేదాకా ఆ ఇంట్లో దగ్గు వచ్చినా మింగేసేవాళ్లు. ఆ కాసేపు తిమ్మమ్మ మనసు చల్లగా ఉండేది. ఆ చల్లదనంతోనే సాయంత్రందాకా అందరినీ భరించేది.

ముగ్గు అయ్యీ కాకముందే ముసలి తిప్పేష్ గొర్రెలను దాని మీదుగానే తోలుకుపోయేవాడు. తిమ్మమ్మ అతన్నీ, అతని తాతముత్తాతలనూ కలిపి తిట్టేది. అతను తల వంచుకుని వినేవాడు, మర్నాడు మళ్లీ అదే దారిన వచ్చేవాడు.

ఇంత చక్కగా నడుస్తున్న సంసారంలో ఎదురింటి రామక్క నిప్పు పెట్టింది. కళ్యాణదుర్గం పోయినప్పుడు ఆమె ఒక ముగ్గు గొట్టం కొనుక్కొచ్చింది. ఒళ్లంతా బెజ్జాలు, పట్టుకోవడానికి పొడుగాటి పిడి ఉన్న గొట్టం. పిండి పోసి దొర్లిస్తే నేల మీద తీగ దానంతట అదే పడుతుంది. రామక్క నడుము వంచకుండా ముగ్గేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఇటు చూసి నవ్వింది. తిమ్మమ్మకు కడుపు మండింది. వారం తిరక్కుండా పూల అచ్చు జల్లెడ తెచ్చింది. రామక్క రంగులు తెచ్చింది. తిమ్మమ్మ ఇంకా ఎక్కువ రంగులు తెచ్చింది. మన ఆషాఢం గాలి సంగతి తెలిసిందే కదా, ఆ రంగులన్నీ లేచిపోయి కుళ్లాయప్ప ఆరేసుకున్న తెల్లపంచె మీద వాలాయి. అతికించే ముగ్గులు తెస్తే వాటిని కోళ్లు పొడిచి పీకేశాయి.

చివరికి తిమ్మమ్మ బ్రహ్మాస్త్రం తీసింది. వాకిలికి సిమెంటు వేయించి, గోడల మీద విత్తనాల ప్రకటనలు రాసే చిన్నప్పను పిలిపించి, ఆయిల్ పెయింటుతో జంట నెమళ్లు వేయించింది. అవి నెమళ్లని చిన్నప్ప చెప్పబట్టి నమ్మాలి గానీ, చూపు మాత్రం అచ్చం కోళ్లదే.

"ఇంగ జన్మకు చెరగవక్కా!" అన్నాడు చిన్నప్ప. రామక్క తలుపేసుకుంది.

మర్నాడు తిమ్మమ్మ అలవాటుగా చిప్ప పట్టుకుని బయటికొచ్చింది. చేయడానికి ఏమీ లేదు. నెమళ్లు ఆమెను చూశాయి, ఆమె నెమళ్లను చూసింది. ఇంతలో లోపలి నుంచి, "ఏమ్మే, ముగ్గు పని లేదు గదా, నా తువ్వాల యాడుండాదో చూడు!" అని కేక. వెనకే ఓబులమ్మ, "ఆకూవక్కా దంచు తిమ్మీ!" గొర్రెలు నెమళ్ల మీదుగా నడిచిపోయాయి, రంగు చెక్కు చెదరలేదు. తిట్ల కోసం తల వంచుకున్న తిప్పేష్ కాసేపు ఎదురు చూసి తలెత్తాడు.

"ఒంట్లో బాగలేదా అమ్మా?" అని అడిగాడు పాపం.

బాగలేదు. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు ఎక్కువైంది, మాటలో కారం ఎక్కువైంది. ముగ్గుచిప్పను కోళ్లకు నీళ్లు పెట్టడానికి పడేసింది. తన చేత్తో తనే పోగొట్టుకున్న ఆ కాసేపటి కోసం ఆమె ప్రాణం కొట్టుకులాడింది. కానీ నెమళ్లను తీయించేస్తే రామక్క నవ్వదూ? అదొక్కటీ చచ్చినా ఒప్పుకోలేదు.

అంతలో కుళ్లాయప్ప చిన్నాయన పోయాడు. నిండా బతికిన ముసలాయన, నిద్రలోనే పోయాడు. పిల్లల్లేరు గనక పలకరించడానికి వచ్చేవాళ్లంతా కుళ్లాయప్ప ఇంటికే రావాలి. దాయాదుల ఇళ్లకంతా అంటు. అంటు తీరేదాకా వాకిట్లో ముగ్గు వేయకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ సంగతి తెలియనివి నెమళ్లు మాత్రమే.

"ఏం తిమ్మక్కా, సొంత చిన్నమామ పోతే మీ వాకిట్లో నెమళ్లు ఎగర్తాండాయే!" అంది రామక్క, వీధంతా వినబడేలా.

కుళ్లాయప్ప పరుగున గోనెసంచులు కప్పాడు. గాలికి అవి లేచిపోయాయి. చెనక్కాయల పొట్టు గంపలతో తెచ్చి పోశాడు. తిప్పేష్ గొర్రెలు వచ్చి శుభ్రంగా మేసేశాయి. ముసలాయన చెల్లెలు ఆటో దిగి, గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి వచ్చి, కింద పసుపు ముక్కుతో తనవైపే చూస్తున్న నెమలిని చూసి ఏడుపు ఆపేసింది.

"ఏమప్పా కుళ్లాయప్పా, మా అన్న పోయినాడని పండగ చేస్తాండారా?"

ఓబులమ్మ లోపలి నుంచే కేకేసింది. "గడ్డపార తీసుకోరా! అరిష్టం! తవ్వి పారేయ్!"

కుళ్లాయప్ప తవ్వుతున్నాడు. లోపల ఆడవాళ్ల మధ్య తిమ్మమ్మ చిన్నమామను తలుచుకుని ఏడుస్తోంది. ఏడుపు నిజమే, ముసలాయనంటే ఆమెకు ఇష్టమే. కానీ చెవులు మాత్రం వాకిట్లో ఉన్నాయి. సిమెంటు మీద గడ్డపార పడిన ప్రతిసారీ ఆమెకు కాస్త ఊపిరి ఆడింది.

అంటు తీరిన మర్నాడు తిమ్మమ్మ అందరికంటే ముందు లేచింది. కోళ్ల దగ్గర్నుంచి చిప్ప లాక్కుని కడిగింది. గుట్ట దగ్గర ఏరుకొచ్చి దంచి ఉంచిన సుద్దరాయి పిండి అందులో పోసుకుంది. మట్టి వాకిలి, పేడనీళ్లు, వేళ్ల మధ్య నుంచి జారే తెల్లపిండి. మొదటి మెలిక వంకర పోయింది. రెండోది కొంచెం దారికొచ్చింది. ఆ తర్వాత వేళ్లకు పాత దారి గుర్తొచ్చింది.

"ఏమ్మే, నా తువ్వాల..." అంటూ కుళ్లాయప్ప గడపలోకి వచ్చాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

"నోరు ముయ్యిరా! మెలిక తిరుగుతాండాది!" అని లోపలి నుంచి ఓబులమ్మ గుసగుసగా గదిమింది.

ఇల్లు సద్దుమణిగింది. వీధి చివర తిప్పేష్ గొర్రెలను ఆపుకుని, తిట్లు తినడానికి సంతోషంగా కాచుకుని నిలబడ్డాడు. గీత తిరిగి తిరిగి మొదలుకు బెత్తెడు దూరంలోకి వచ్చింది. కలిపితే ముగ్గు అయిపోతుంది. తిమ్మమ్మ చెయ్యి ఆగింది. ఓరగా గడప వైపు చూసింది. కుళ్లాయప్ప ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

ఆమె నింపాదిగా చిప్పలోంచి ఇంకో గుప్పెడు పిండి తీసుకుని, పక్కన మరో వరస చుక్కలు పెట్టింది.